అడిగిన వదినా, మంచిదే అన్నరు

చిన్న అబద్ధం అది. కూరలో ఉప్పు సరిపోయిందా అంటే సరిపోయింది అన్నంత తేలికగా నా నోటి నుంచి వచ్చింది. దాన్ని దాదాపు పదేళ్ళు మోశాను. పెళ్ళిళ్ళకు మోశాను, పండుగలకు మోశాను, సిద్దిపేటలో కోహెడ బస్సెక్కిన ప్రతిసారీ మోశాను. మొన్న మొన్నటి దాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇప్పుడు తెలుసు. అయినా నా లోపల ఏం జరిగిందో పూర్తిగా ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతాను. నేనెవరో మీకు తెలియదు కదా, అందుకే నోరు పెగులుతోంది.

వదిన అంటే మా ఆయనకు అక్క. కోహెడలో వాళ్ళకు వరి, పత్తి ఉన్నాయి. పొలంలో మగవాళ్ళతో సమానంగా పనిచేసే మనిషికి ఉన్నట్టుండి ఆయాసం మొదలైంది. నాలుగడుగులు వేస్తే గట్టు మీద కూలబడేది. గుండెలో ఒక కవాటం బిగుసుకుపోయిందన్నారు. చిన్నప్పుడు గొంతునొప్పితో జ్వరాలు, కీళ్ళ వాపులు వచ్చేవా అని డాక్టరు అడిగితే, వదిన నవ్వి, వచ్చేవి, వాము కషాయం తాగి బడికి పోయేదాన్ని అంది. ఆ జ్వరాలే అన్ని ఏళ్ళ కింద గుండెను కరిచి పోయాయట. నాకు ఒళ్ళు జలదరించింది. పిల్లప్పటి గొంతునొప్పి ఎక్కడ, నడివయసు గుండె ఎక్కడ! శరీరం ఏదీ మరిచిపోదా?

హైదరాబాదులో ఆపరేషన్ చేసి లోహపు కవాటం పెట్టారు. తర్వాత కొన్ని నెలలు సిద్దిపేటలో మా ఇంట్లోనే ఉంది, కోహెడ కన్నా దవాఖానకు దగ్గర కదా అని. ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఆమె పక్కన కూర్చుంటే టిక్కు టిక్కుమని వినబడేది. గోడ గడియారమేమో అనుకున్నాను మొదట. అది మా వదిన. ఆమె లోపల ఒక తలుపు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది, ఆ చప్పుడు నా చెవికి వస్తోంది. ఒక్కోసారి వంట ఆపి మరీ వినేదాన్ని. దేవుడి గది ముందు నిలబడినప్పుడు కూడా అంత భయభక్తులు కలగలేదు నాకు, నిజం చెబుతున్నాను.

మరి అంత భక్తి ఉన్నదాన్ని, అలా ఎందుకు చేశాను?

ఇక్కడ నా గురించి కొంచెం చెప్పాలి. మాది బట్టల దుకాణం. నేను డిగ్రీ దాకా చదివాను. పేపర్లో ఆరోగ్యం పేజీ వదలను, ఫోన్లో వీడియోలు వదలను. ఎవరికి ఏ నలత వచ్చినా ఏం తినాలో నేనే చెప్పేదాన్ని. అవిసె గింజలు, మెంతులు, వాకిట్లో మునగచెట్టు. మా ఆయన, చుట్టాలు నన్ను డాక్టరమ్మ అని ఆటపట్టించేవాళ్ళు. ఆట పట్టిస్తున్నారని తెలుసు. అయినా ఆ మాట వినబడితే లోపల ఎక్కడో పొంగేది.

వదిన హైదరాబాదులో ఉన్నప్పుడు తిండి గురించి చెప్పే ఒకామె మంచం దగ్గరికి వచ్చింది. చదువుకున్నదాన్నని మావాళ్ళు నన్నే ముందుకు తోశారు. లోహపు కవాటం మీద రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది, అందుకని రక్తం పల్చగా ఉంచే మాత్ర జీవితాంతం వేసుకోవాలి అంది. ఆకుకూరల్లో రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే విటమిన్ ఉంటుంది, అది ఈ మాత్రకు ఎదురు పనిచేస్తుంది అంది. తినొద్దని కాదమ్మా, ఎప్పుడూ ఒకే తీరుగా తినాలి, ఉన్నట్టుండి పెంచకూడదు, కొత్తగా ఏది మొదలుపెట్టాలన్నా ముందు మమ్మల్ని అడగాలి అంది. నెలనెలా రక్త పరీక్ష చేసి, ఆమె తినే తిండిని బట్టి మాత్ర మోతాదు సరిచేస్తామని కూడా చెప్పింది.

అన్నీ విన్నాను. తలూపాను. లోపల మాత్రం నవ్వుకున్నాను. ఆకుకూర గుండెకు మంచిదని లోకమంతా చెబుతుంటే ఈమె ఇలా అంటుందేమిటి అనుకున్నాను. వాళ్ళకు మందులు తప్ప తిండి విలువ ఏం తెలుసు అని కూడా అనుకున్నాను. తిండి విలువ చెప్పడానికే వచ్చిన మనిషి గురించి అలా అనుకున్నాను చూడండి!

వదిన ఊరికి వెళ్ళే రోజు వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. ఈమెకు రక్తం పట్టాలి అని నేను ముందే మునగాకు నీడన ఎండబెట్టి, దోరగా వేయించి, పొడి కొట్టి పెట్టాను. పెద్ద డబ్బా నిండా. అన్నంలో ఒక చెంచా, జావలో ఒక చెంచా, రెండు పూటలా అని చెప్పాను. పచ్చి ఆకు ఇంత కుప్ప ఎండితే చెంచాడు పొడి అవుతుంది. అంటే చెంచాలో గిన్నెడు కూర ఉన్నట్టే. అది బలమని మురిసిపోయానే కానీ, ఆ బలం ఎటు పనిచేస్తుందో ఆలోచించలేదు.

వదిన డబ్బా చేతిలో పట్టుకుని నా ముఖం చూసింది. చదువు లేకపోయినా డాక్టరు మాట జవదాటేది కాదు ఆమె.

"గిది తినచ్చునా నేను? దవాఖానల అడిగినవా?"

"అడిగిన వదినా. మంచిదే అన్నరు."

"ఆమెనే అన్నదా, ఆ తిండి గురించి చెప్పినామె?"

"ఆమెనే. నువ్వు ఊకె భయపడకు."

అంతే. వదిన ముఖం విచ్చుకుంది. డబ్బా సంచిలో పెట్టుకుంది. నేను అడగలేదు. ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది, నంబరు నా దగ్గరే ఉంది. అడిగితే వద్దంటారని భయమా? కాదు. అడగడమే నాకు చిన్నతనం అనిపించింది. డాక్టరమ్మ ఇంకొకరిని అడుగుతుందా?

తర్వాతి రక్త పరీక్ష తేదీ ఇంకా రాలేదు. ఒక పొద్దున వదిన జొన్న రొట్టె చేస్తుంటే పిండి మీద కుడిచేయి ఆడలేదు. రొట్టె జారి కింద పడింది. మూతి ఒక పక్కకు పోయింది. కోడలిని పిలవాలంటే మాట రాలేదు. మేము దవాఖానకు చేరేసరికి ఆమెను మంచం మీద పడుకోబెట్టి ఉన్నారు. కవాటం మీద గడ్డ కట్టి, అందులో ఒక ముక్క మెదడుకు పోయిందన్నారు. ప్రాణం దక్కింది. కుడిచేయి పూర్తిగా తిరిగి రాలేదు.

ఆ రోజు డాక్టరు అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ వినబడుతుంది. మాత్రలు సరిగా వేసుకుందా, కొత్తగా ఏమైనా తిన్నదా, నాటు మందులేమైనా వాడారా అని. వదిన భర్త, నేను అన్నయ్య అని పిలిచే మనిషి, చేతులు కట్టుకుని నిలబడి చెప్పాడు. "నాటు మందుల్లేవు సార్. ఇంట్ల తిండే." ఆయన దృష్టిలో మునగాకు పొడి మందు కాదు, ఇంట్లో కారప్పొడి లాంటిదే. నేను ఆయన వెనకే ఉన్నాను. పొడి సంగతి చెప్పకుండా కొంగు సర్దుకున్నాను.

ఒకటి రెండు మాత్రలు తప్పినా ఇలా కావచ్చు అన్నాడు డాక్టరు. ఆ మాట పట్టుకుని అందరూ వదిన మీద పడ్డారు. మా ఆయన అక్క మంచం దగ్గర నిలబడి ఏడుస్తూ తిట్టాడు. "మాత్ర ఏసుకోనీకి గూడ యాదికుండదా నీకు?" ఆమెకు మాట రావడం లేదు. ఎడమచేయి ఎత్తి, కాదు, కాదు అన్నట్టు ఊపింది. ఆ చేయి నేను చూశాను. చూసి తల దించుకున్నాను.

వాళ్ళింటికి వెళ్ళి ముందు చేసిన పని ఆ డబ్బా ఎత్తుకు రావడం. ఇంటికి తెచ్చి మోరీ కాలువలో ఒంపేశాను. తెలియక చేశానని ఇన్నాళ్ళూ నాకు నేను సర్ది చెప్పుకున్నాను. కానీ తెలియని మనిషి ఒంపేస్తుందా? నాకు తెలుసు. ఒంపేసిన చేతికి తెలుసు.

మాట తిరిగి వచ్చాక కూడా వదిన పొడి సంగతి ఎత్తలేదు. ఎందుకు ఎత్తుతుంది? అది దవాఖానలో అడిగి ఇచ్చినది కదా. నేను చెప్పాను కదా. నా మాట మీద ఆమెకున్న నమ్మకమే నన్ను కాపాడింది. దీన్ని మించిన పాపం ఇంకేముంటుందో నాకు తెలియదు. కొన్నాళ్ళకు తనే అనడం మొదలుపెట్టింది, ఏమో, మర్సిపోయిన్నేమో అని. తన బుర్ర మీద తనకే నమ్మకం పోయింది. పొయ్యి ఆర్పిందో లేదో రెండుసార్లు చూసుకునేది. విత్తనాల లెక్క నోటితో చెప్పే మనిషి ఏది అడిగినా కోడలి వైపు చూసేది. మాత్రలు ఇప్పుడు కోడలే వేస్తుంది. వేసి, "నోరు తెరువత్తా" అంటుంది. వదిన చిన్నపిల్లలా నోరు తెరిచి చూపిస్తుంది. నేను అక్కడే కూర్చుని టీ తాగిన రోజులున్నాయి.

ఇక ఇప్పుడెందుకు చెప్పాను అంటారా? ఈ మధ్య నాకే ఛాతీలో బరువుగా ఉంటే సిద్దిపేటలో గుండె స్కానింగు చేశారు. పడుకోబెట్టి, చల్లటి జిగురేదో రాసి, డాక్టరు తెర నా వైపు తిప్పాడు. చూడమ్మా, నీ గుండె అన్నాడు.

ఏం చెప్పను? బూడిద రంగు వెలుతురులో ఏదో కదులుతోంది. రెండు సన్నటి పొరలు, ఉల్లిపొర కన్నా సన్నగా ఉన్నట్టున్నాయి, విచ్చుకుంటున్నాయి, కలుసుకుంటున్నాయి. మళ్ళీ విచ్చుకుంటున్నాయి. నేను మా అమ్మ కడుపులో ఉన్నప్పటి నుంచి ఇది ఇలాగే చేస్తోంది. నేను నిద్రపోయినా చేసింది, గొడవపడినా చేసింది, అబద్ధం ఆడుతున్నప్పుడు కూడా ఆగలేదు. ఒక్క రోజు నా అనుమతి అడగలేదు. దీని గురించా నేను అంతా తెలుసని మాట్లాడింది? కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. డాక్టరు భయపడి, ఏం లేదమ్మా, బాగానే ఉంది అన్నాడు.

లేచి కూర్చున్నాక అడిగాను. పదేళ్ళ కిందట అడగాల్సింది అప్పుడు అడిగాను. ఆయన ఓపికగా చెప్పాడు. ఆకుకూరలు, పప్పులు, చిరుధాన్యాలు, గుప్పెడు పల్లీలు గుండెకు మేలే, ఉప్పు, పచ్చళ్ళు తగ్గించాలి. మీకైతే మునగాకు మంచిదే అన్నాడు. ఆ మాత్ర వేసుకునేవాళ్ళకు మాత్రం ఆకుకూ మాత్రకూ తూకం కుదరాలి, ఒక వైపు ఉన్నట్టుండి పెంచితే తూకం చెడుతుంది. అదే ఆకు. నాకు మేలు చేసేది, ఆమె రక్తంలో మాత్రతో పోట్లాడేది. ఇంత సూక్ష్మంగా ఉంటుందా మనిషి లోపల! మరి మా వదినకు అలా అయింది పొడి వల్లేనా అని అడిగాను. ఖచ్చితంగా చెప్పలేం, కావచ్చు, అప్పుడే తెలిసి ఉంటే పరీక్ష ముందే చేసి మోతాదు మార్చేవాళ్ళు అన్నాడు.

కావచ్చు. ఆ మాట పట్టుకుని తప్పించుకోవచ్చు కూడా. ఒక పూటంతా ప్రయత్నించాను. కుదరలేదు.

కోహెడ వెళ్ళాను. వదిన అరుగు మీద కూర్చుని ఎడమచేత్తో చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. పక్కన కూర్చున్నాను. చెప్పాను. మునగాకు పొడి సంగతి, అడగలేదన్న సంగతి, డాక్టరు ముందు నోరు మూసుకున్న సంగతి, డబ్బా ఒంపేసిన సంగతి. ఏడవకుండా చెప్పాలనుకున్నాను, ఏడ్చాను. ఆమె చేయి ఆగిపోయింది. తిడుతుందనుకున్నాను. కొడితే బాగుండు అనుకున్నాను.

అప్పుడు అడిగింది. "గట్లయితే, నేను మాత్రలు మర్సిపోలేదా?"

"లేదు వదినా. నువ్వు మర్సిపోలే."

ఆమె నన్ను చూడలేదు. లోపలికి తిరిగి కోడలిని కేకేసింది. ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో. "ఓ పిల్లా, ఇట్రా! నేను మర్సిపోలేదట!" పొలం నుంచి అన్నయ్య వచ్చాడు, ఆయనకూ చెప్పింది. పక్కింటామె గోడ మీదుగా చూస్తే ఆమెకూ చెప్పింది. నా పేరు ఎత్తలేదు. పొడి సంగతి కూడా మొదట ఎత్తలేదు. నేను మర్సిపోలే, నేను ఒక్క మాత్ర మర్సిపోలే, అదే మాట. పొడి సంగతి తెలిశాక అన్నయ్య నా వైపు చూసిన చూపు నేను ఇక్కడ రాయలేను.

కాసేపటికి వదిన నాతో అంది. "నీకు బస్సు టైమయితుంది, పో."

అప్పటి నుంచి ఆమె నాతో మాట్లాడలేదు. ఫోన్ చేస్తే కోడలు ఎత్తుతుంది, బాగున్నరు అని పెట్టేస్తుంది. మా ఆయన ఇంట్లో ముభావంగా తిరుగుతున్నాడు. డాక్టరమ్మ అని ఎవరూ పిలవడం లేదు. క్షమించమని నేను అడగలేదు, అడిగే ముఖం లేదు. అయినా ఆ రోజు తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు, చాలా ఏళ్ళ తర్వాత నాకు ఊపిరి నిండుగా ఆడింది. అందుకు సిగ్గుగానే ఉంది. ఇన్నాళ్ళూ వదిన పేరు మీద ఉన్న తప్పు ఇప్పుడు నా పేరు మీద ఉంది.