పదకొండు రోజుల ఏడాది

నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. కథను పుస్తకాల తెలుగులోకి మారుస్తానంది. మాటలు మాత్రం మాట్లాడినట్టే ఉంచమన్నాను. ఉంచుతుందని నమ్మకం లేదు. నా పూజగదిలో ఎర్ర జీరో బల్బు పీక్కుపోయింది కూడా ఇదే.

బడిలో సైన్సు ప్రదర్శన. ప్రాక్సిమా బి అనే గ్రహం చేస్తానని ఇది పేరిచ్చింది. ఆ గ్రహానికి సూర్యుడు చిన్నగా, ఎర్రగా ఉంటాడట. అందుకే దేవుడి బల్బు కావలసి వచ్చింది. గ్రహం పని నాకు అంటగట్టింది. మాది సిరిసిల్ల, ఇంట్లో మరమగ్గాలు. నూలు ముక్కలకు కరువు లేదు. ప్లాస్టిక్ బంతికి ఒకవైపు ఎర్రది, ఒకవైపు నల్లది చుట్టాను.

"ఎంత దూరముంటదే గది?"

"వెలుగు పోవాల్నంటేనే నాలుగేండ్లు దాటుతది బాపమ్మా. దగ్గర్దే!"

"గది దగ్గరనా? మీ బాపు దుబాయిల ఉంటేనే దూరమని ఏడుస్తవు."

"ఆడ ఏడాదంటే పదకొండు రోజులే."

"బతుకమ్మ తొమ్మిది రోజులాడితే మిగిలేది రెండే గదనే! వండుడెప్పుడు, నేసుడెప్పుడు?"

ఆ గ్రహం ఎప్పుడూ ఒక ముఖమే సూర్యుడికి చూపిస్తుందని అనుకుంటున్నారట. అటు ఆరని ఎండ, ఇటు తెల్లారని చీకటి. నడుమ సందెవెలుగులో నీళ్లుంటే ఉండొచ్చట, ఎవరూ చూడలేదట. ఎవరూ చూడని ఆ అంచుకు పసుపు నూలు చుట్టాలట! విప్పి మళ్లీ చుట్టాను.

తీరా బంతిని దారానికి కట్టి బల్బు చుట్టూ తిప్పితే, సగం చుట్టుకే నల్లవైపు వెలుగుకు ఎదురొచ్చింది. తెల్లారితే ప్రదర్శన. ఇది ఏడుపు మొదలుపెట్టింది.

"ఒక్క దిక్కే సూస్తదంటే, తన సుట్టు తాను తిరగదనుకున్న బాపమ్మా. నువ్వు జర బల్బు సుట్టు తిరుగు, నేను సూస్త."

"నా మోకాళ్ల నొప్పి నీకేమెరుక!"

తిట్టుకుంటూనే లేచాను. నడుమ దీపం, చుట్టూ నడక. చేతులు వాటంతటవే చప్పట్లు కొట్టాయి, నడుం వంగింది. చుట్టు పూర్తయ్యేసరికి ఇది గంతేసింది.

"నీ వీపు బల్బుకు సూపెట్టనే లేదు!"

"బతుకమ్మకు ఎవరన్న వీపు సూపెడతరానే?"

"గందుకే! సుట్టు తిరుగుకుంటనే నువ్వు కూడ ఒక్కసారి తిరిగినవు!"

దారం తీసి పారేసింది. బంతిని పుల్లకు గుచ్చి, ఎర్రవైపు బల్బుకే ఉండేలా తిప్పుతూ రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు.

తెల్లారి నేనూ వెంట వెళ్లాను. బడిలో ఒక సారు అడిగాడు, "గ్రహం తన చుట్టూ తాను తిరుగుతుందా, తిరగదా?" ఇంట్లో అంత వాగిన పిల్ల నా వైపు చూసింది. ఇక చేసేదేముంది? అందరి ముందూ బల్బు చుట్టూ చప్పట్లు కొడుతూ తిరిగాను.

"ఒక్క సుట్టుకు ఒక్క ఏడు. గ్రహం గూడ ఒక్కసారే తిరిగింది. సమజైందా సారూ? ఇంకో ఏడు నాతోని కాదు."

సారు నవ్వాడు. అప్పుడు దీనికి నోరొచ్చింది, మిగతాదంతా గడగడా చెప్పేసింది. వాళ్లకు ఎంత నచ్చిందంటే, గ్రహాన్ని బల్బుతో సహా బడిలోనే ఉంచుకున్నారు.

మా దేవుడు ఇంకా చీకట్లోనే ఉన్నాడు. "గది గూడ రాయి పోరీ, నవ్వుడు కాదు."