బోర్డు మీద అవ్వ పేరు

అరవయ్యో దశకం చివర్లో, యూనివర్సిటీలో బి.ఎడ్. చదివే రోజుల్లో మా అందరికీ ఒక గట్టి నమ్మకం ఉండేది, మాస్టారుకు తెలియనిది పిల్లలకు అసలే తెలియదని. నా మటుకు ఆ నమ్మకం తార్నాకలో ఒక ఆడపిల్లల బడిలో, ఒక్క పీరియడ్‌లో వదిలిపోయింది.

ఆ రోజు నా పరీక్ష పాఠం 'చరిత్రలో స్త్రీలు'. అందులో తప్పితే ఏడాది చదువూ వృథా. మార్కులు వేయడానికి వచ్చిన మేడం (చాటుగా ఆవిణ్ణి 'ఎర్రసిరా' అనేవాళ్లం) పిల్లల చేత ఏదో ఒకటి చేయించని పాఠాన్ని పాఠమనే ఒప్పుకోరు. అందుకని నాయనమ్మ పేరూ, ఆమె చేసిన ఒక పనీ చీటీ మీద రాసుకు రమ్మని పిల్లలకు ముందురోజే చెప్పాను. గదిలో తాడు కట్టి, బట్టలు ఆరేసినట్టు చీటీలు తగిలించడం నా ఉపాయం. తీరా చూస్తే సగం చీటీల్లో పేరే లేదు.

"మా నాయన్ను అడిగితే, అమ్మ పేరు అమ్మనే అన్నడు సార్" అంది ఒకమ్మాయి. సొంత నాయనమ్మ పేరు తెలియకపోవడం ఎంత సిగ్గుచేటో అయిదు నిమిషాలు ఉపన్యాసం దంచాను. వెనక బెంచీలోంచి మేడం నెమ్మదిగా, "మీ నాయనమ్మగారి పేరు కూడా బోర్డు మీద రాయండి మాస్టారూ" అన్నారు.

సుద్దముక్క పట్టుకున్నాక తెలిసింది, నాకూ తెలియదని. ఇంట్లో ఆమె అందరికీ అవ్వే. ధైర్యం చేసి 'సీతమ్మ' అని రాశాను. మల్కాజ్‌గిరిలో మా పక్కింటి పిల్ల ముందు బెంచీలోంచి లేచింది.

"గా పేరు కాదు సార్. మా నాయనమ్మ లేదు గద, అందుకే మీ అవ్వను అడిగి రాసుకొచ్చిన. ఆమె పేరు బుచ్చమ్మ. ఊర్ల ఎవరికి కాన్పు కష్టమైనా ఆమెనే పిలిచెటోళ్లంట."

ఆ సంగతీ నేను విననిదే. ఆ పిల్లే వచ్చి సీతమ్మను తుడిచి, బుచ్చమ్మ అని రాసింది. మేడం నన్ను పాస్ చేశారు గానీ, కాగితం మీద ఎర్రగా 'పాఠం బాగుంది, చెప్పింది విద్యార్థిని' అని రాశారు.

ఇంటికెళ్లి, తన పేరు బోర్డెక్కిందని అవ్వకు చెప్పాను.

"ఎంత పెద్దగ రాసినవు బిడ్డా?" అంది.

రెండు చేతులూ చాపి చూపించాను. రాసింది నేను కాదన్న మాట, ఆమె ఉన్నన్నాళ్లూ నోరు దాటలేదు. తర్వాత ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. ఏటా మొదటి రోజు బోర్డు మీద ఆ పేరే పెద్దక్షరాలతో రాసేవాణ్ణి, ఆ అబద్ధం కాస్తయినా నిజమవుతుందేమోనని.