చూడకుండా చేసినవాడు

ఆదోనిలో మా జెరాక్సు కొట్టుకు ఎమ్మిగనూరు నుంచి ఒక మెకానిక్కు బస్సులో వచ్చేవాడు. చాలా ఏళ్లు మగ్గం నేసి, తర్వాత కంప్యూటర్ల మీద పడ్డ మనిషి. ఏ మిషను ముట్టుకున్నా ముందు బొటనవేలితో అటూ ఇటూ రుద్దేవాడు, గుడ్డ నాణ్యం చూసినట్టు. తర్వాత ఒకటే మాట: "ఎవుడో ఎవుర్నో సూడకుండా సేసినాడప్పా."

ఒకసారి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేయించగానే నా పాత ప్రింటరు మూగబోయింది. హాల్‌టిక్కెట్ల కోసం బయట పిల్లల క్యూ. ఊళ్లో కంప్యూటరు తెలిసినవాళ్లంతా, అంటే కంప్యూటర్లు అమ్మేవాళ్లంతా, కొత్త ప్రింటరు కొనాల్సిందేనన్నారు.

ఈయనొచ్చి ప్రింటరు మూత రుద్దాడు.

"మగ్గం మార్సితే డిజైను అట్టలు మార్సాల. అట్టలు మార్సితే మగ్గాన్ని సర్దాల. నేసేటోడు, అట్టకు బొక్కలు కొట్టేటోడు కూసోని మాట్లాడుకుంటారు. ఈ కంప్యూటరోళ్లకు ఆ మాత్రం తీరిక ల్యా."

ప్రింటరుకూ సిస్టమ్‌కూ మాట కలిపే డ్రైవరనే చిన్న ప్రోగ్రామును ఎక్కడో వెతికి ఎక్కించాడు. ప్రింటరు గుర్రుమంటూ లేచింది.

ఆ సంబరంలోనే, ఆయనకు సిమ్ము కావాలంటే పక్క దుకాణానికి తీసుకెళ్లాను. వేలిముద్ర మిషను మీద బొటనవేలు పెట్టాడు. ఎర్రలైటు. తుడిచి పెట్టాడు, మళ్లీ ఎర్రలైటే. నూలు ఒరిసి ఒరిసి ఆ వేలికి గీతలే మిగల్లేదు.

"ఇంగో యేలు పెట్టు పెద్దాయనా," అన్నాడు దుకాణం అతను. పది వేళ్లూ అయిపోయాయి, అన్నిటికీ ఎర్రలైటే.

ఆయన అలవాటు చొప్పున ఆ మిషనును బొటనవేలితో అటూ ఇటూ రుద్దాడు.

"మిషను బాగుండాది. నా యేలూ బాగుండాది. దీన్ని సూడకుండా దాన్ని సేసినాడప్పా ఎవుడో."