సున్నా దగ్గర ఆగిన ముల్లు

మా పాత జీపుకి డీజిల్ ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది. మూత తీసి, ఎండిన చెరకు బద్ద ముంచి, ఎంతవరకు తడిసిందో చూసుకోవడం నా అలవాటు. మీటరు ముల్లు బాగా పనిచేస్తున్నా సరే! బెల్లం వండే ఇంట్లో పుట్టినవాణ్ణి, పుల్ల ముంచి చూస్తే తప్ప ఏదీ నమ్మను. ఓసారి బద్ద విరిగి ముక్క లోపల పడిపోయింది. పోతే పోయిందిలే అని ఊరుకున్నాను.

ఆ మర్నాడే మా ఆవిడ అన్న, అంటే మా బావ, జీపు అడిగి పాయకరావుపేట వెళ్లొచ్చాడు. "ట్యాంకు నిండా కొట్టించేను బావా" అంటూ తాళాలిచ్చాడు. తిప్పి చూస్తే ముల్లు సున్నా మీద ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. గానుగ దగ్గర పనివాళ్లందరూ వింటుండగా, "కొట్టించేవా, కోతలు కోత్తన్నావా?" అనేశాను. రోజూ పుల్ల ముంచేవాణ్ణి, ఆ రోజు మాత్రం ముంచలేదు. కోపమొస్తే నాకు కళ్లు కనబడవు. ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఆ పంతంలో నాలుగు రోజులు జీపు తీయలేదు. మా ఆవిడ నాతో మాట్లాడలేదు. ఐదో రోజు ముల్లునే నమ్మి బంకులో డీజిల్ పోయించబోతే, పైపు పెట్టీ పెట్టగానే పొంగి నా కాళ్ల మీద పడింది. ట్యాంకు నిండుగా ఉంది!

నేరుగా మెకానిక్ దగ్గరికి పోనిచ్చాను. అతను ట్యాంకు పైన స్క్రూలు విప్పి సెన్సారు లాగితే రాలేదు. డీజిల్‌తో పాటు పైకి తేలి ముల్లుని కదపాల్సిన దాని బుడ్డి, నా చెరకు ముక్క కింద ఇరుక్కుని అడుగునే ఉండిపోయింది.

"ఇదేటి మామా, డీజిల్లో సెరుకు నాటేవా?" అని పగలబడి నవ్వాడు. ముక్క పీకేసి, వంగిన తీగ సరిచేసి, మళ్లీ బిగించాడు. తాళం తిప్పగానే ముల్లు నిండుకి ఎక్కేసింది. బావ అబద్ధమాడలేదు. ఎంత ఊరటగా ఉందో అంత సిగ్గూ వేసింది.

అటునుంచి అటే కొండకర్లలో బావ ఇంటికి వెళ్లి, తప్పు నాదేనని చెప్పాను.

"నాకొక్కడికీ సెప్తే సరిపోద్దేటి? పదిమందిలో అన్నావు" అన్నాడు.

నిజమే కదా. మర్నాడు పొద్దున్నే ఆయన్ని గానుగ దగ్గరికి తీసుకొచ్చి, అందర్నీ పిలిచి గట్టిగా చెప్పాను. "బావ డీజిల్ కొట్టించేడు. నేనే బుద్ధి గడ్డి తిని నోరు పారేసుకున్నాను." ఎవరూ నవ్వలేదు. వినబడలేదేమోనని మళ్లీ మొదలెట్టాను.

ఆయన నా భుజం పట్టుకుని ఆపాడు. "సాల్లే బావా, పాకం మాడిపోతాది. ఆళ్లని పని సేసుకోనీ."

హమ్మయ్య, మళ్లీ బావా అన్నాడు.