కువైట్ ఎంత దూరం

నా చిన్నప్పుడు, కువైట్ మనకు ఎంత దూరమో మా టీచరమ్మ ప్రపంచ పటం మీద స్కేలు పెట్టి కొలిచి చూపించారు. పాఠం కోసం కాదు, నా పక్కన కూర్చునే పిల్ల తలదించుకోవాలని.

తొంభైల నాటి మాట. మేం చిక్కడపల్లిలో ఉండేవాళ్లం, బడి నారాయణగూడలో. ఆ పిల్ల వాళ్లది మహబూబ్‌నగర్ వైపు పల్లె. తండ్రి పోయాడు. తల్లి కువైట్‌లో ఎవరింట్లోనో పనిచేస్తుంటే, తను ఇక్కడే అమ్మమ్మ దగ్గరుండి చదువుకునేది. ఆ ఏడు పాటల పోటీలో మొదటి బహుమతి తనకే వచ్చింది. బహుమతి తల్లి చేతుల మీదుగానే ఇస్తామని బడిలో కొత్త నియమం పెట్టారు. అమ్మ రావడానికి వీలుకాదని తను చెప్పింది. టీచరమ్మ పటం దించి, మూడున్నర వేల కిలోమీటర్లు కూడా లేదన్నారు. విమానంలో బొంబాయికి నాలుగు గంటలట, అక్కడ రైలెక్కితే తెల్లారేసరికి ఇక్కడుండొచ్చట.

"రావాలని ఉంటే రాదా?" అన్నారు. వెనక బెంచీల వాళ్లు నవ్వారు.

సాయంత్రం ఈ సంగతి మా మేడ మీది అక్కకు చెప్పాను. నల్లగొండ పల్లె నుంచి వచ్చి, గది కిరాయికి తీసుకుని, అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌కు వెళ్లేది. నా మాట పూర్తికాకముందే చెప్పులేసుకుంది. నన్ను తీసుకుని నేరుగా ఆ అమ్మమ్మ ఇంటికి నడిచింది. విమానం దిగిన రోజే ఆ ఇంటి యజమాని, సేటు, తన కూతురి పాస్‌పోర్టు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాడని ఆ ముసలమ్మ చెప్పింది.

"మొగడు సచ్చిపోయిననాడే పంపలే బిడ్డా. పాటకు పంపుతరా?" అంది.

మర్నాడు అక్క మా బడికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"నాలుగు గంటలే మేడమ్, నిజమే. కానీ ఆమె పాస్‌పోర్టు సేటు బీరువల ఉన్నది. ఆ బీరువ కాడికెల్లి గడప దాక ఎంత దూరమో జర మీ పటంల కొలిచి చెప్పుండ్రి."

ఆ పిల్లకు నువ్వేమవుతావని టీచరమ్మ అడిగారు. ఏమీ కానని, ఏమన్నా అయితేనే అడగాలా అని అక్క ఎదురడిగింది. అక్కడితో ఊరుకోక పెద్ద టీచరు గదికి వెళ్లి, నియమం మార్చేదాకా కదలలేదు.

చివరికి బహుమతి అమ్మమ్మ చేతుల మీదుగా ఇచ్చారు. మొన్న నవ్విన వాళ్లే ఆ రోజు చప్పట్లు కొట్టారు. అక్క మాత్రం కొట్టలేదు. తప్పయిందని ఆ పిల్లతో ఒక్కరూ అనలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

దూరాన ఉండి చావుకో పెళ్లికో రాలేకపోయిన మనిషిని ఎవరైనా తేలిగ్గా ఒక మాట అంటే, వాళ్ల సెలవు ఎవరి చేతిలో ఉందో కనుక్కున్నారా అని అక్కడికక్కడే అడిగేస్తాను. నలుగురిలో బాగుండదని మావారు నా చెయ్యి పట్టి లాగుతుంటారు. బాగుండకపోతే పోనీ.