మస్తాన్ అయ్యవారి గూడ్సుబండి

మా రైల్వే డ్రాయింగు ఆఫీసు కిటికీ కింద వడ్రంగి కొట్టం ఉంది. అక్కడ చిత్రిక పట్టినప్పుడల్లా పచ్చి చెక్కపొట్టు వాసన నా బల్ల దాకా వస్తుంది. వెంటనే ఆత్మకూరు హైస్కూల్లో మాకు డ్రాయింగు చెప్పిన మస్తాన్ అయ్యవారు గుర్తుకొస్తారు. ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే ఇంట్లో పుట్టి, మద్రాసులో డ్రాయింగు పరీక్షలు ప్యాసై వచ్చిన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. చెవి వెనక ఎప్పుడూ పెన్సిలు. మాట తక్కువ, ఎవరి గీతైనా వంకర పోతే మాత్రం నోరు ఊరుకునేది కాదు.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, నేను ఇంజనీరింగు డిప్లొమా చదువుతూ క్రిస్మస్ సెలవులకు ఇంటికి వచ్చినప్పటి సంగతి ఇది. నెల్లూరు నుంచి సంగం, ఆత్మకూరు మీదుగా ఉదయగిరికి రైలు వేయించాలని ఊరి పెద్దలకు ఆశ పుట్టింది. రైల్వే అధికారి ఒకాయన చూడటానికి వస్తున్నారని తెలిసింది. ఆయనకు చూపించడానికి దారి మొత్తం, రైలుతో సహా, బల్లమీద నమూనా కట్టే పని అయ్యవారికి అప్పగించారు. చెక్క ఖర్చు టోకు వ్యాపారి సుబ్బరామ శెట్టి గారిది. గూడ్సుబండిలో ఏ పెట్టెలు ఉండాలో తేల్చే పని నాది.

పాఠ్యపుస్తకం ముందు పెట్టుకుని జాబితా రాశాను: పైకప్పున్న మూత పెట్టె, బొగ్గు పెట్టె, నూనె టాంకు, పశువుల పెట్టె, యంత్రాలు మోసే చదును బండి, మందుగుండు పెట్టె, చివర గార్డు పెట్టె. రకానికి ఒకటి. అయ్యవారు చదివి నవ్వారు.

"ఇది బండా, తిరనాళ్లా? ఒక్కో జాతిదీ ఒకటి తెచ్చి నిలబెట్టినావు. ఉదయగిరిలో మందుగుండు ఎవురికిరా? కోట మీద నవాబు ఇంకా ఉండాడా?"

"చూడ్డానికి బాగుంటుందని..."

"బాగుండాలంటే నెమలిని చేద్దాం. ఒక్కో పెట్టెనూ అడుగు. నీలో ఏమెక్కుతాది, యాడెక్కుతాది, యాడ దిగుతాది? జవాబు రానిదాన్ని కొట్టెయ్."

మరునాడు పొద్దున్నే ఉదయగిరి దారిలో ఎద్దులబండ్లు ఆగే చోటికి తీసుకుపోయారు. పైన ఉదయగిరి నుంచి దిగే బండ్లలో వేరుసెనగ, తోళ్లు, కట్టెలు, గడ్డిలో చుట్టిన గరిటెలు. పైకి పోయేవాటిలో ఉప్పు, బియ్యం, కిరసనాయిలు. ఆ కిరసనాయిలు కూడా డబ్బాల్లోనే పోతుంటే టాంకు దేనికి? కొట్టేశాను. సాయంత్రానికి జాబితాలో దాదాపు అన్నీ మూత పెట్టెలే అయ్యాయి. కట్టెలకు పైకప్పు లేనివి రెండు, గొర్రెలకు ఒకటి. పని అయిపోయిందనుకున్నాను. "ఇప్పుడు ఎండాకాలం బండి చెప్పు" అన్నారు అయ్యవారు. వేరుసెనగ అయిపోయాక కిందికి పంపే చెప్పుకోదగ్గ సరుకేమీ ఉండదు. ఉప్పు దించిన పెట్టెలు ఖాళీగా తిరిగి రావాల్సిందే. అందుకని రెండు బండ్లు చేశాం. రెండోదాని తలుపులు తెరిచి ఉంచాం, లోపలి ఖాళీ కనబడేలా.

శెట్టి గారు చూసి అదిరిపడ్డారు.

"ఏందయ్యవారూ ఇది! పెళ్లిచూపులకు చినిగిన కోక కట్టించినట్టుండాది. ఆ తలుపులు మూసేయండి. లోపలేముండాదో ఎవురు చూసొచ్చినారు?"

"ఎండాకాలం మీ అంగట్లోంచి ఏం పంపిస్తారు శెట్టిగారూ?"

"ముందు రైలు రానీండి, సరుకదే వస్తాది!"

ఆయన వెళ్లాక అయ్యవారు రంగు అద్దుతూ నాతో అన్నారు: "మాయమ్మను నెల్లూరు ఆసుపత్రికి ఎద్దులబండిలో తీసకపోయినాను. సంగం కాడ వాగు పొంగి దాటనీలేదు. ఆసుపత్రికి చేరనేలేదు. ఈ రైలు శెట్టిగారికంటే నాకే ఎక్కువ కావాల."

అధికారి నమూనా పెట్టిన హాల్లోకి వచ్చేసరికి ఆ తలుపులన్నీ మూసి ఉన్నాయి. శెట్టి గారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. అయ్యవారు చెవి వెనక పెన్సిలు తీసి, అధికారి ఎదుటే, దాని మొనతో ఒక్కో తలుపూ తెరిచారు.

"ఇవి ఖాళీగా ఉన్నాయేం?" అన్నారు అధికారి.

"ఎండాకాలం బండి సార్. అప్పుడు మా దగ్గర్నుంచి పంపేదేమీ ఉండదు" అన్నారు అయ్యవారు.

అధికారి చాలాసేపు వంగి చూశారు. ఇంత వివరంగా ఏ ఊరూ చూపలేదని మెచ్చుకున్నారు. రైలు మాత్రం రాలేదు.

"ఆ తలుపులు మూసుంటే వచ్చుండేది" అని శెట్టి గారు ఆత్మకూరంతా చెప్పారు. కొందరు అయ్యవారితో మాటలు మానేశారు. తరువాతి సెలవుల్లో ఆయన్నే అడిగాను, తప్పు చేశామా అని.

"ఏమోరా. మూసుంటే వచ్చుండునేమో. వచ్చినాక నిజం పెట్టెలు ఖాళీగా తిరుగుతుంటే, వాటి తలుపులు ఎవురు మూస్తారు?"

ఆయన పోయి రెండేళ్లయింది. ఉదయగిరికి ఇప్పటికీ బస్సే దిక్కు. ఆయన చేసింది సరైనదేనా అన్నది నేను ఇంకా తేల్చుకోలేదు, ముఖ్యంగా ఆ వాగు సంగతి గుర్తొచ్చినప్పుడు. అయినా కొత్త లైనుకు సరుకు అంచనా వేయమంటే, పోయే బండితో ఆగను. తిరిగి వచ్చే బండినీ గీస్తాను. పోయిన నెల ఒక మెట్ట ఊరి పెద్దలు మా ఆఫీసుకు వచ్చి, తమ లైనుకు గీసిన ఆ రెండో బొమ్మ తీసేయమని బతిమాలారు. కాగితాలు ఎగరకుండా నా బల్లమీద పెట్టుకున్న చెక్క పెట్టె ఒకటుంది, ఆ ఎండాకాలం బండిలోదే. వాళ్లలో ఒకాయన మాట్లాడుతూ దాన్ని చేతిలోకి తీసుకుని, తలుపు మూసి, మళ్లీ బల్లమీద పెట్టాడు.

వాళ్లు ఉండగానే తెరిచాను.