బాడుగింటి వాకిట్లో వినబడిన పిలుపు

దయ్యాలంటే నాకు భయం లేదనడం కంటే, వాటి గురించి ఆలోచించే తీరిక లేదంటే సరిపోతుంది. బళ్లో సైన్సు చెప్పేదాన్ని. మా అత్తగారి ఊర్లో ఎవరికైనా పూనకం వచ్చిందంటే, ముందు జ్వరముందేమో చూడండి అనేదాన్ని. తాయెత్తులు మా ఇంటి గడప తొక్కలేదు, ఇప్పటికీ తొక్కనియ్యను. కాబట్టి ఇక్కడ రాస్తున్నది నా నమ్మకం కాదు. జరిగింది జరిగినట్టు చెప్తున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో ప్రొద్దుటూరులో ఆడపిల్లల బడిలో నాకు ఉద్యోగం. మా ఆయన పులివెందుల తాలూకాఫీసులో పనిచేసేవారు. నెలకోసారి బస్సెక్కి వచ్చి పోయేవారు. నేను మాత్రం బట్టల అంగళ్ల వెనక సందులో ఒక పాత మిద్దె బాడుగకు తీసుకొని ఉన్నాను. మా పాప కడుపులో పడింది, పుట్టింది అంతా ఆ ఇంట్లోనే.

ఇంటి ఓనరు సుబ్బయ్య తాత. పక్క వీధిలో ఒంటరిగా ఉండేవాడు. ఆయన మాదిరి ఇంటాయన్ని నేను మళ్లీ చూడలేదు. సొంతిల్లయినా ఒక్కసారి కూడా నేరుగా లోపలికి రాలేదు. వీధి వాకిట్లో నిలబడి, చిన్నగా దగ్గి, "అమ్మా, రావచ్చునా?" అని అడిగేవాడు. నేను పాపను చంకనేసుకొని వాకిట్లోకి పోయేదాకా గడప దాటేవాడు కాదు. ఒకసారి నేనే అడిగినాను, మీ ఇంటికి మీరు రావడానికి ఇదంతా ఎందుకు తాతా అని.

"బాడుగకిచ్చినాక గోడలు నావి, కాపురం నీది. నువ్వు ఏ పనిలో ఉంటావో నాకేం తెలుసమ్మా" అన్నాడు.

ఆయన పద్ధతికి తగ్గట్టే నేనూ ఉండేదాన్ని. గోడకు మేకు కొట్టాలన్నా అడిగి కొట్టేదాన్ని. ఏటా వానలకు ముందు ఆయనే మనుషుల్ని పెట్టి మిద్దె మీద నీళ్లు దిగకుండా చౌడు మట్టి పరిపించి, దిమ్మిసతో గట్టిపడేదాకా కొట్టించేవాడు.

పాప పాకడం మొదలుపెట్టకముందే తాత పోయినాడు. నాలుగు రోజులు జ్వరం, అంతే.

ఇల్లు ఆయన కొడుకు ఓబులేసు చేతికి వచ్చింది. ఓబులేసుది జమ్మలమడుగులో శనక్కాయల వ్యాపారం. చెడ్డవాడని చెప్పను గానీ, మాట గరుకు. తాత కర్మలు ముగిసిన కొన్నాళ్లకే వచ్చి, ఇల్లు ఒక బట్టల వ్యాపారికి గోడౌనుకు ఇస్తాండానని, ఖాళీ చేయమని చెప్పినాడు. చంటిబిడ్డతో ఉన్నపళంగా ఎక్కడికి పోవాలి? కొంచెం గడువడిగినాను. ఆయన ముఖం మాడ్చుకొని పోయినాడు.

ఆ ఏడు మిద్దె మీద ఎవరూ చౌడు వెయ్యలేదు. తొలి వానకే నడిమింట్లో దూలం పక్కన తడి దిగింది. ఆ దూలానికే పాప ఉయ్యాల కట్టి ఉండేది. బాగుచేయించమని ఓబులేసుకు కబురు పంపితే, ఇష్టం లేకుంటే ఖాళీ చెయ్యమను అని జవాబు.

జమ్మలమడుగులో మా మేనమామ ప్లీడరు. సెలవు చూసుకొని పోయి చెప్పుకున్నాను. ఆయన తాపీగా విని అన్నాడు.

"చూడమ్మా, పైకప్పు, దూలాలు, గోడలు, ఇవి ఇంటాయన చూడాల. ఇల్లు పాడు చేయకుండా వాడుకునేది, నెలనెలా బాడుగ కట్టేది మీరు చూడాల. వాడు మరమ్మతు చెయ్యలేదని కోపంతో బాడుగ ఆపేవు, అది పొరపాటు. వాడు తీసుకోకుంటే మనియార్డరు చెయ్యి."

"తాళం వేస్తే? సామాన్లు బయట పారేస్తే?"

"ఆ హక్కు వానికి లేదు. ఇల్లు వానికి కావాలంటే కోర్టుకు పోయి అడగాల. ఆర్డరు వస్తే మీరు ఖాళీ చేయాల, అప్పుడు నువ్వు మొండికేస్తే తప్పు నీది. ఆర్డరు లేకుండా తలుపు మీద చెయ్యేస్తే తప్పు వానిది."

ఆ మాటలు వినంగనే నాకు సగం ప్రాణం వచ్చింది. చట్టంలో నాక్కూడా ఒక చోటుందని అంతవరకూ నాకు తెలీదు.

ఆ తర్వాత ముసురు పట్టింది. విడవకుండా కురిసి, ఒక పొద్దున తెరిపిచ్చి ఫెళ్లున ఎండ కాసింది. ఏదో పండగ, బడికి సెలవు. పాప ఉయ్యాల్లో నిద్రపోతోంది. నేను అన్నం వారుస్తున్నాను. ఓబులేసు వడ్రంగి ఖాదర్‌ను వెంటబెట్టుకొని నేరుగా నడిమింట్లోకి వచ్చినాడు. తలుపులు పీకేస్తే ఆడమనిషి తానే పోతుందని ఆయన లెక్క.

ఖాదర్ పెరటి తలుపు దగ్గర చేరి ఉలి పెట్టి కొట్టడం మొదలుపెట్టినాడు. నేను గంజి చేతుల్తోనే వచ్చి అడ్డం నిలబడినాను.

"కోర్టు ఆర్డరు చూపించప్పా, నేనే సామాన్లు సర్దుకుంటా. అది లేకుండా తలుపు ముట్టుకోవద్దు."

"ఇల్లు మా నాయనది. నా ఇంటికి నాకు ఆర్డరేంది?"

"ఇల్లు నీదే. దూలం నానిపోతాంది, వచ్చి చూడు అంటే రాకపోతివి. తలుపులు పీకేదానికైతే వస్తివా?"

ఆయన ఏదో అనబోయినాడు. సరిగ్గా అప్పుడే వీధి వాకిట్లో ఎవరో చిన్నగా దగ్గినారు.

"అమ్మా, రావచ్చునా?"

నాకు స్పష్టంగా వినబడింది. ఆ గొంతు, ఆ నిదానం. "వస్తాండా తాతా" అనేసినాను. తాత పోయి నెలలైందన్న సంగతి ఆ క్షణంలో మనసుకు తట్టనే లేదు. చేతులు అలవాటుగా ఉయ్యాల్లోంచి పాపను ఎత్తుకున్నాయి. వాకిలి వైపు నడిచినాను.

నాకంటే ముందు ఓబులేసు పోతున్నాడు. పోవడం కాదు, పరుగు. మా ఇద్దర్నీ చూసి ఏం జరిగిందో తెలియక ఖాదర్ కూడా ఉలి చేతిలోనే పట్టుకొని వెంట వచ్చినాడు.

వీధిలో ఎవరూ లేరు. గుంతల్లో నీళ్లు ఎండకు మెరుస్తున్నాయి. ఎదురింటి అరుగు మీద ఒక ముసలామె చాటలో బియ్యం ఏరుకుంటోంది.

"ఇప్పుడు ఈడ పిలిచిందెవురవ్వా?" అని అడిగినాడు ఓబులేసు.

"ఎవురూ రాల్యా నాయనా. నేను పొద్దున్నుంచి ఈడనే ఉండా" అనింది ఆమె.

ఆ మాట పూర్తయ్యిందో లేదో, మా వెనక పెద్ద చప్పుడు. ఇంట్లోంచి దుమ్ము వాకిట్లోకి కొట్టింది. నడిమింటి దూలం విరిగి, దాని మీదున్న మట్టంతా కూలింది. తర్వాత తొంగి చూస్తే ఉయ్యాల కనబళ్లేదు. ఓబులేసు నిలబడిన చోట నడుమెత్తు మన్ను.

పాప మాత్రం నా చంకలో నిద్ర చెడినందుకు గుక్కపట్టి ఏడుస్తోంది. ఆ ఏడుపు వింటూ ఎదురింటి అరుగు మీద కూలబడి నేనూ ఏడ్చినాను. అంత హాయిగా నేనెప్పుడూ ఏడవలేదు.

ఓబులేసు వీధిలో మట్టిలోనే కూర్చున్నాడు. కూలిన ఇంటి వైపు చూస్తూ అన్నాడు.

"మా నాయన పిల్చినాడు. 'ఒరే ఓబా, ఇట్ల రా' అన్న్యాడు. చిన్నప్పుడు తప్పుచేస్తే అట్లనే పిల్చేటోడు."

"కాదప్పా. 'అమ్మా, రావచ్చునా' అన్నాడు" అన్నాను నేను.

ఇద్దరం ఖాదర్ వైపు చూసినాం. "నాకేం వినబళ్లేదు సామీ. మీరు ఉరికినారు, నేనూ వచ్చినా" అన్నాడతను.

దూలం ఎందుకు కూలిందో నాకు తెలుసు. నానిన మట్టి బరువు, పైగా తలుపు మీద సుత్తి దెబ్బల అదురు. అందులో వింతేమీ లేదు. మా మామ అయితే, మీ ఇద్దరి మనసులోనూ ఆ పెద్దాయనే మెదులుతుండినాడు, అందుకే అట్ల వినబడింది అన్నాడు. కావచ్చు. కానీ ఇద్దరికీ ఒకే క్షణంలో ఎందుకు వినబడింది, అదీ వేరు వేరు మాటలుగా?

ఓబులేసు ఆ రోజే మమ్మల్ని పక్క వీధిలో వాళ్ల నాయన ఉండిన ఇంటికి మార్చినాడు. కొత్త దూలాలు తెప్పించి మిద్దె మళ్లీ వేయించి, మమ్మల్ని తిరిగి అందులోకే రమ్మన్నాడు. మామ దగ్గర కూర్చొని ఇద్దరం ఒప్పందం రాసుకున్నాం. మరమ్మతులు ఆయనవి, ఇంటి జాగ్రత్త నాది. ఇల్లు కావాలంటే ముందుగా చెప్పి, చట్టం ప్రకారం అడగాలి. సంతకం పెట్టి బయటికొచ్చేటప్పుడు ఆయన ముఖంలో కూడా ఏదో బరువు దిగినట్టు కనిపించింది. మనిషి మారిపోయినాడని చెప్పను. బాడుగకు వచ్చినప్పుడల్లా గోడ మీద మసెందుకు పట్టిందని గొణిగేవాడు. నాకు పులివెందులకు బదిలీ అయ్యేదాకా ఆ ఇంట్లోనే నిశ్చింతగా ఉన్నాం.

చాలా ఏళ్లకు పులివెందుల బస్టాండులో ఓబులేసు కనిపించినాడు. జుట్టు నెరిసింది. నా పక్కన నిలబడిన పాపను ఎగాదిగా చూసి, "ఇది ఆ పిల్లేనా?" అన్నాడు. టీ తాగుతూ మళ్లీ అదే మాట వచ్చింది. తన్నే పిలిచినాడని ఆయన, నన్నే అడిగినాడని నేను. ఇద్దరికీ పట్టుదలే.

ఇంతలో ఆయన బస్సొచ్చింది. ఎక్కుతూ వెనక్కి తిరిగి నవ్వినాడు.

"పోనీ టీచరమ్మా, బతికుండాం గాబట్టే కొట్లాడుకుంటాండాం."

ఆ గొంతు ఎవరిదో, ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఈరోజుకీ తెలీదు. తెలీకపోయినా పరవాలేదనిపిస్తుంది.